లప్పం

వన్ టౌన్‌లో, కురుపాం మార్కెట్ వెనక సందులో
సముద్రం కనిపించదు.
కానీ గొళ్ళేలకీ బందులకీ
అది ఎంత దూరంలో ఉందో తెలుసు.

జుబేదా గారింట్లో వారం నుంచీ
పైనుంచి పొట్టు రాలుతోందట,
కాఫీపొడిలా, కుట్టుమిషన్ల మీద.
తెల్లారి లేస్తే స్కూలు యూనిఫారాలు దులుపుకోవడమే పనట.
నిచ్చెనేసి అటకెక్కాను.
కింద టార్చి పట్టుకున్న నూకరాజు
"పాముగాని ఉందేటి గురూ?" అన్నాడు.

పాము లేదు.
గోనెపట్టా చుట్టిన ఊయల కొయ్యలు, ఒక పగిలిన రేడియో,
పడమటి మూల దారికడ్డంగా మూడు పెద్ద డేగిశాలు.
వాటి మీదుగా, గోడ నుంచి గోడకి, మద్ది దూలం.

ఉలి మడమతో కొట్టి చూశాను.
నడుమంతా ఖంగుమంది.
పుచ్చు నడుమ మొదలవదు.
గోడలోకి దూరేచోట,
తన బరువంతా ఇంకొకరి మీద మోపి
దూలం కళ్ళు మూసుకునేచోట మొదలవుతుంది.
తూర్పు కొన దగ్గర ఉలి
పిడిదాకా దిగిపోయింది,
మాగిన సీతాఫలంలోకి దిగినట్టు.

పైన రంగు. రంగు కింద లప్పం.
లప్పం కింద రెండు మేకులు,
రెండూ వంకరే,
తలలు ఎడమవైపుకి వాలి.

నాది ఎడమచేతి వాటం.

హుద్‌హుద్ వెళ్ళిపోయిన వారం.
ఊళ్ళో కరెంటు లేదు, పాలు లేవు,
కొండ మీద ఒక్క ఆకు లేదు.
ఏ పెంకుటింటి ముందు నిలబడ్డా
"బాబ్బాబు" అని చెయ్యి పట్టుకునేవారే.
రోజుకి ఆరిళ్ళు.
కొవ్వొత్తి వెలుగులో, ఇదే అటక మీద,
పుచ్చుని చూశాను. అదీ నన్ను చూసింది.
లప్పం మెత్తి, రంగు పూసి,
మూడు వేలు బొడ్లో దోపుకుని
పక్క సందులోకి పోయాను.
అప్పుడు నా జుట్టు నలుపు. ఆవిడకి కళ్ళజోడు లేదు.

"పెద్ద గాలివానప్పుడు ఎవడో చేశాడయ్యా,"
కింద మిషన్ తొక్కుతూ అంటోంది.
"మాటలు మాత్రం తేనె. వాడి చెయ్యి విరగ!"

నా పెదాల మధ్య నాలుగు మేకులున్నాయి.
నోట్లో మేకులుంటే వడ్రంగి మాట్లాడడు,
అందరికీ తెలిసిందే.
ఐదోది కూడా పెట్టుకున్నాను.

లారీ జాకీ మీద సరుగుడు మొద్దు నిలబెట్టి
దూలాన్ని వెంట్రుకవాసి లేపాం.
ఇల్లు ఒక్క మూలుగు మూలిగి ఊపిరి బిగబట్టింది.
పుచ్చినంత మేరే కోస్తే చాలదు,
రంపానికి ఎర్రటి పొట్టు తగిలాక కూడా
ఇంకో జానెడు, మంచి కర్ర, మనసొప్పకపోయినా, కోసెయ్యాలి.
ఫిషింగ్ హార్బర్‌లో విప్పేసిన మరబోటు టేకు తెచ్చాను,
పాతికేళ్ళు ఉప్పునీళ్ళు తాగి అరిగించుకున్నది.
ఏటవాలుగా కోసి మూరెడు అతుకు,
అతుకులోంచి అడ్డంగా కర్రచీలలు,
చర్మం పొక్కిపోయే జీడినూనె మూడు పూతలు.
గోడకీ కొనకీ మధ్య వేలెడు ఖాళీ వదిలాను.
గాలాడాలి.
కప్పినచోటే కదా అన్నీ కుళ్ళేది.

నాలుగో రోజు సాయంత్రం జాకీ దించాం.
కాంప్లెక్స్‌లో బస్సెక్కినవాడు
ముక్కూమొహం తెలియనివాడి పక్కన సర్దుకున్నట్టు
దూలం కొత్త కొన మీదకి మెల్లగా వచ్చి కూర్చుంది.

ఆవిడ వేలు తడిచేసుకుంటూ నోట్లు లెక్కపెడుతోంది.
నా నోట్లో మేకుల్లేవు.
"మూడు వేలు తగ్గించండమ్మా" అన్నాను.
"అదేం?"
"ఆ చెయ్యి విరగలేదు. ఇదే అది."

మిషన్ చక్రం ఇంకో రెండు చుట్లు తిరిగి ఆగింది.
నూకరాజు నన్ను చూడకుండా నిచ్చెన మెట్లు చూశాడు.
సందులో ఉల్లిపాయల బండి మైకు
కిలో ధర చెప్పుకుంటూ పోయింది, మళ్ళీ చెప్పుకుంటూ వచ్చింది.

ఆవిడ మూడు వేలు తీసి డబ్బాలో వేసింది.
మిగతావి మొదట్నుంచీ మళ్ళీ లెక్కపెట్టి ఇచ్చింది.
కళ్ళజోడు నుదుటి మీదకి తోసి
అటక కేసి, డేగిశాల మూలకేసి చూసింది.

"ఆచారీ, పడమటి కొన ఎవరు చేశారు?"

నూకరాజు టార్చి వెలిగించాడు.